ఒక్క గీత కొట్టి, సంతకం పెట్టి

2025 జూలై 6, ఆదివారం. బీరంగూడ

కాలనీ గ్రూపులో గొడవ ఇంకా చల్లారలేదు. పోయిన సోమవారం పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలిన రోజు రాత్రి మొదలైంది. ఆ రాత్రి టీవీల్లో పది మంది, పన్నెండు మంది పోయారంటున్నారు. మా వీధి చివర రేకుల గదుల్లో అద్దెకుండే కుర్రాడు, లేబర్ కాంట్రాక్టర్ దగ్గర హాజరు రాసేవాడు, గ్రూపులో ఒక్క ముక్క రాశాడు: “ముప్పైకి తక్కువుండరు సార్. లోపల మస్తు మందున్నరు.” అదే గంటలో ఇంకెవరో ఒక ఫార్వర్డ్ పంపారు. విషవాయువు మా అమీన్‌పూర్ దిక్కు వస్తోందట, కిటికీలు మూసుకోవాలట, ఇళ్లు ఖాళీ చేయాలట. ఇల్లే ఖాళీ చేశాక కిటికీలతో పనేమిటో రాసినవాడికే తెలియాలి. మా అడ్మిన్, రిటైరైన బ్యాంకు అంకుల్, రెండూ తీసేశారు. కుర్రాణ్నయితే గ్రూపులోంచే తీసేశారు. ఫార్వర్డ్ పంపినాయన సొంతింటాయన, అందుకని ఉన్నారు.

మర్నాటికల్లా సర్కారు లెక్కే ముప్పై దాటింది. ఇప్పుడు నలభై దగ్గరుంది. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర డీఎన్‌ఏ రిపోర్టుల కోసం కూర్చున్నాయి. కుర్రాడు రాసింది నిజమైంది. ఫార్వర్డ్ వట్టిదని తేలింది. గ్రూపులో వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం రెంటికీ ఒకటే బూడిద రంగు లైను: అడ్మిన్ ఈ మెసేజ్‌ను డిలీట్ చేశారు. ఏది పుకారో, ఏది ముందుగా తెలిసిన నిజమో ఆ లైను చెప్పదు.

పొద్దున ఎవరో ఆ సంగతి ఎత్తి అంకుల్‌ను నిలదీశారు. ఆయన నొచ్చుకున్నారు. నిజానికి ఆయన చేసిన సేవ తక్కువది కాదు. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు ఏ ప్లాంటు దగ్గర ఆక్సిజన్ సిలిండర్లకు క్యూ ఎంతుందో తెల్లవార్లూ కూర్చుని గ్రూపులో పెట్టింది ఆయనే. మధ్యాహ్నం రెండింటికి పెద్ద మెసేజ్ పెట్టారు. సారం ఇంతే: తొమ్మిది వందల మంది నోళ్లకు ఒక్కణ్ని కాపలా ఉండలేను, ఎవరు మాట ఎత్తితే వాళ్లే దాన్ని కాచుకోండి.

సాయంత్రానికి సెక్రటరీ గారు దాన్ని తీర్మానం చేసేశారు. పెద్ద గ్రూపును కమ్యూనిటీగా మార్చి, కింద చిన్న గ్రూపులు పెడతారట. నీళ్లు, బస్సులు, కొనడం అమ్మడం, ఫ్యాక్టరీల వాసన. ఎవరి గ్రూపుకు వాళ్లే అడ్మిన్. నెల రోజులు చూద్దామన్నారు.

వాసనకు ఎవరు అంటే ఎవరూ పలకలేదు.

జూలై 8, మంగళవారం

డ్యూటీ నుంచి వస్తూ అంకుల్ ఇంటికి వెళ్లాను. గ్రూపుల్లో ఎవరో రాసిన దానికి అడ్మిన్‌ను జైల్లో వేయరని చెబుదామని. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచీ, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఆ మాటే చెప్పాయి. సభ్యుడు పెట్టిన పోస్టుకు, తనకు అందులో భాగం లేకపోతే, అడ్మిన్ నేరస్థుడు కాడు. అంకుల్ చివరిదాకా విని, “కేరళ హైకోర్టు సంగతి మన సీఐకి తెల్సా అమ్మా?” అన్నారు. ఆంటీ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆయన తీసేయడమే తప్పని నేను అనుకోవడం లేదు. శవాల ఫొటోలు కూడా ఆ రాత్రి వచ్చాయి. అవి ఉంచి ఎవరికేం మేలు. నా గొడవ తీసేసిన పద్ధతితో.

ఇవాళ మా మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరిన ట్రైనీ, నారాయణఖేడ్ అబ్బాయి, తూకం అంకె తప్పు వేసి వైట్‌నర్ పూశాడు. పాపం కాలేజీలో అలాగే అలవాటు. కూర్చోబెట్టి చూపించాను. తప్పు అంకె మీద ఒక్కటే గీత, కింద అంకె చదవడానికి రావాలి. పక్కన సరైన అంకె. దాని పక్కన పొడి సంతకం, తేదీ, కారణం. కారణం అంటే ‘తప్పు’ అని కాదు, ‘బీకరు తీయకముందే రీడింగ్ రాశాను’ అని. వాడు గీకి గీకి నల్లగా కొట్టేశాడు రెండోసారి. మళ్లీ చెప్పాను. “మేడం, తప్పే గదా, కనబడితే మనకే బద్నాం గాదా?” అన్నాడు. కనబడకపోతేనే బద్నాం. ఇన్‌స్పెక్టరు వచ్చి పూత గోకితే, అది కావాలని మార్చింది కాదని ఎట్లా నమ్మిస్తావు?

కంప్యూటరులోనైతే ఆ గీత మనం కొట్టనక్కర్లేదు, అదే కొట్టుకుంటుంది. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ విలువను ఏ విలువగా మార్చారు అన్నది ఆడిట్ ట్రెయిల్‌లో పడిపోతుంది. ఇలా ఉండాలన్న అమెరికావాళ్ల ‘పార్ట్ 11’ నిబంధన 1997ది. వాళ్లకు మందులు పంపే ఏ కంపెనీలోనైనా అదే చట్టం. మన దేశపు కంపెనీలకు వాళ్ల మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రాసే వార్నింగ్ లెటర్లలో మాటిమాటికీ కనబడేది మందు చెడిపోయిందన్న మాట కాదు, నచ్చని రిజల్టును చెరిపేసి మళ్లీ టెస్టు చేశారన్న మాట.

ఈ బెల్టులో ఇన్ని వేల మందిమి రోజూ ఎనిమిది గంటలు ఈ పద్ధతిలోనే రాస్తాం. గేటు దాటి ఫోను తీయగానే అంతా వైట్‌నరే.

జూలై 13, ఆదివారం. ఝరాసంగం

చిన్నమ్మకు బాగాలేదంటే వచ్చాను. పొద్దున్నే ముంబయి హైవే, జహీరాబాద్ దగ్గర బీదర్ మలుపు. బోర్డు చూడగానే గుర్తొచ్చింది, సరిగ్గా ఏడేళ్ల కింద ఇదే తేదీ. 2018 జూలై 13. హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు కారులో వెళ్లిన కుర్రాళ్లు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో వీడియో పాకింది. ముర్కి అనే ఊరి దగ్గర రోడ్డుకు అడ్డం పెట్టి ఆపారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును కొట్టి చంపేశారు. అరెస్టయిన వాళ్లలో గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. అంకుల్ భయం గాల్లోంచి పుట్టింది కాదు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదింటికి కుదించింది. అంతకుముందే అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి కళాకారులను, డప్పులను వెంటబెట్టుకుని ఊరూరా ఆ పుకార్ల మీద పాటలు పాడించారు. వచ్చే పుకారుకు ఊరే అడ్డం నిలబడాలని ఆమె లెక్క. అప్పుడు నాకది చాదస్తంగా అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు.

చిన్నమ్మ పస్తాపూర్ సంఘం మనిషి. ఆ సంఘాల వెనక ఉన్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలై ఇప్పటికి నలభై ఏళ్లు దాటింది. సంఘంలో మాట ఎట్లా నడుస్తుందని అడిగాను. జొన్నరొట్టె తుంచుతూ చెప్పింది.

“రాత్రి పనులైనంక కూసుంటం. ఒకరు మాట తీస్తరు. తీసినామెనే అందరినీ అడుగుతది, నువ్వేమంటవ్, నువ్వేమంటవ్ అని. చివరికి ఊకున్నోళ్లను గూడ అడుగుతది.”

“ఎవరన్నా అడ్డదిడ్డంగా మాట్లాడితే?”

“మాట్లాడనిస్తం. తెల్లారి కలుపుకు పోయేది ఆమెతోనే గద బిడ్డా.”

అదీ సంగతి. వాళ్లలో మాట ఎత్తినామెకు ఆ మాట మీద పెత్తనం ఇచ్చినా ప్రమాదం లేదు, తెల్లారేసరికి అదే సాలులో నిలబడాలి. మా గ్రూపులో తొమ్మిది వందల నంబర్లలో నాకు ముఖం తెలిసినవి ఎన్ని?

రాత్రి రేడియో పెట్టించుకుంది. 90.4, సంఘం రేడియో, మాచునూరు. ఇద్దరు నర్సమ్మలు నడిపే రేడియో. జనరల్ నర్సమ్మ ఒకరు, అల్గోల్ నర్సమ్మ ఒకరు. పేర్లు ఈ వైపు తెలియనివాళ్లు లేరు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి వాళ్లు రికార్డు చేసిన పాటలను, మాటలను క్యాసెట్లలో సంఘం మీటింగులకు పట్టుకెళ్లి వినిపించేవారు. 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చాక కూడా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే పాలసీ రావడానికి 2006 దాకా పట్టింది. 2008 అక్టోబరు 15న మాచునూరు స్టేషన్‌ను తెరిచింది ఆ తీర్పు రాసిన జడ్జిల్లో ఒకరు, జస్టిస్ పి.బి.సావంత్.

ఆ పాలసీలో రెండు నిబంధనలు నాకు నచ్చుతాయి, ఒకటి నచ్చదు. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచి ఉంచాలి. కార్యక్రమాల్లో కనీసం సగం ఆ ఊళ్లవాళ్లతోనే తయారు కావాలి. నచ్చనిది, వార్తలు చెప్పకూడదన్నది. విత్తనం గురించి, కాన్పు గురించి, తంగేడు పువ్వు గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. పక్క ఊళ్లో నిన్న ఏం జరిగిందో చెప్పకూడదు. “మా ఊళ్ల ముచ్చట గూడ వార్తేనా?” అని చిన్నమ్మ ప్రశ్న. ఢిల్లీలో ఎవరినీ అడగలేదుగానీ నన్ను అడిగింది.

అదే సావంత్ గారు ఈ వైపే 2001 జూన్ చివర్లో అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’కూ వచ్చారు. చంద్రబాబు ప్రభుత్వం విజన్ 2020 పెట్టి వ్యవసాయం ఎటు పోవాలో చెబుతున్న రోజులు. రాష్ట్రం నలుమూలల నుంచి చిన్న రైతులు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, దళితులు, జ్యూరీగా కూర్చున్నారు. మూడు రకాల భవిష్యత్తులను వాళ్ల ముందు పెట్టారు. ప్రభుత్వం తరఫువాళ్లనూ కంపెనీల తరఫువాళ్లనూ సాక్షులుగా పిలిచి ప్రశ్నలు అడిగింది జ్యూరీవాళ్లే. చర్చ సక్రమంగా నడుస్తోందా లేదా అని చూడటానికే వేరే ఒక కమిటీ, దానికి పెద్ద సావంత్ గారు. మొదటి నుంచి చివరి దాకా వీడియో. తీర్పు విజన్‌కు వ్యతిరేకంగా వచ్చింది. నివేదిక బయటికొచ్చాక, విజన్‌కు డబ్బులిస్తున్న బ్రిటన్ సర్కారు సహాయ విభాగం దాని మీద అభ్యంతరాలు లేవదీసింది. అభ్యంతరాలకు జవాబు చెప్పడానికి వీడియో ఉంది.

జూలై 19, శనివారం

చిన్న గ్రూపులు మొదలై వారం దాటింది. ఎవరి దొడ్డి ఎట్లా ఉందో తెలుస్తోంది.

నీళ్ల గ్రూపు అన్నింట్లోకీ బాగుంది. దాన్ని చూసే వదినది పైపులైను చిట్టచివరి ఇల్లు. నీళ్లు రాకపోతే మొదట తెలిసేది ఆమెకే, వచ్చాయని అబద్ధం చెబితే మొదట మునిగేదీ ఆమే. ఎవరన్నా “మాకు మూడు రోజులుగా చుక్క లేదు” అంటే, “ఏ లైను? వాల్వు తిప్పేటాయన వచ్చిండా? ఎన్నింటికి?” అని అడుగుతుంది. ఒక్క మెసేజ్ కూడా తీసెయ్యలేదు. తిట్లు వస్తే వాటి కింద టైమింగ్ పెడుతుంది.

కొనడం అమ్మడం గ్రూపును ప్లాట్ల బ్రోకరు తీసుకున్నాడు. వేరే బ్రోకర్ల ప్లాట్లు ఉండటం లేదు. అంతే సంగతి.

వాసన గ్రూపును చివరికి తీసుకున్నది మూడో వీధి తమ్ముడు, ఒక కంపెనీలో సేఫ్టీ డిపార్ట్‌మెంటు. మనిషి మంచివాడే. ఎవరైనా ఫ్యాక్టరీ పేరు రాస్తే చాలు, ఆ మెసేజ్ మాయం. అడిగితే, “రుజువు లేకుండా పేరు రాస్తే లీగల్ నోటీసు వస్తదక్కా” అన్నాడు. నిజమే కావొచ్చు. కానీ అతని కంపెనీ పేరు రాసినవి మాయమైనంత వేగంగా మిగతావి మాయం కావడం లేదు. అది అతను గమనించలేదని నేను నమ్ముతాను. గమనించకపోవడమే నాకు ఎక్కువ భయం.

జూలై 23, బుధవారం

పెద్దాడు సుల్తాన్‌పూర్ కాలేజీ నుంచి వచ్చాడు. వాడికి ఈ గోల అంతా పాత సినిమాలా ఉందట. ఇంటర్నెట్‌లో ఈ పంచాయితీ పాతికేళ్ల నాడే అయిపోయిందన్నాడు.

“స్లాష్‌డాట్ అని అమెరికాలో ఒకటుందమ్మా. 1997లో పెట్టారు. జనం పెరిగిపోయి అడ్మిన్లకు చేతగాక, చదివేవాళ్లకే ఆ పని ఇచ్చేశారు. మామూలు సభ్యుల్లో కొందరికి ఉన్నట్టుండి ఐదు పాయింట్లు వస్తాయి. నచ్చినదాన్ని పైకి లేపొచ్చు, చెత్తను కిందికి దించొచ్చు. మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి.”

“దించితే పోతుందా?”

“పోదు. కింద ఉంటుంది. చూడాలనుకున్నవాళ్లు చూసుకోవచ్చు. ఇంకోటి, ఆ చర్చలో నువ్వు ఒక్క ముక్క మాట్లాడినా, అందులో నీ పాయింట్లు చెల్లవు.”

అది విని కాసేపు ఆలోచించాను. మేం చేసిందానికి సరిగ్గా తలకిందులు. మేం మాట ఎత్తినవాడికే కత్తెర ఇచ్చాం. వాళ్లు మాట్లాడినవాడి చేతిలోంచి కత్తెర లాగేశారు. పైగా పాయింట్లు వాడినవాళ్లు సరిగ్గా వాడారా లేదా అని మరికొందరు సభ్యులు చూసేవారట. అల్గోల్‌లో సావంత్ కమిటీ చేసినట్టు.

తెలుగు వికీపీడియా కూడా చూపించాడు. 2003 డిసెంబరు నుంచి ఉంది, నేను వాడటమే తప్ప లోపలికి తొంగి చూసింది లేదు. వ్యాసంలో ఎవరు ఏ వాక్యం తీసేశారో, ఎందుకు తీశారో పక్క పేజీలో తేదీలతో ఉంది. వాదులాడుకోవడానికి రచ్చబండ అని వేరే పేజీ. ఒక చోట ఎవరో ఒక పేరా తీసేసి, కారణం గడిలో ఏమీ రాయలేదు. ఇంకెవరో దాన్ని వెనక్కి పెట్టి, కారణం రాయమన్నారు. మా ల్యాబులో సీనియర్లు చేసే పనే.

స్లాష్‌డాట్ రూలు మా వాసన గ్రూపుకు పెడితే ఒక చిక్కుంది. ఈ చుట్టుపక్కల వాసన సంగతి ‘మాట్లాడని’ ఇల్లు ఏది? ఇంటికొకరికి ఏదో ఒక గేటు దగ్గర ఐడీ కార్డు ఉంది. నాకూ ఉంది.

జూలై 27, ఆదివారం

చాలా ఏళ్ల కిందటి సంగతి ఒకటి రాసి పెట్టుకోవాలి, మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది.

నేను అప్పుడు పనిచేసే కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ. మా షిఫ్టువాళ్లను బస్సెక్కించి టెంటు కింద కూర్చోబెట్టారు. మాట్లాడాల్సినవాళ్లకు కాగితాలు ఇచ్చారు, ‘ఉపాధి’ అన్న మాట అందరి కాగితాల్లో ఉంది. కార్డ్‌లెస్ మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగింది కంపెనీ మనిషే. మైకు ఎవరి దగ్గర ఎంతసేపు ఉండాలో అతని మోచేతిలో ఉండేది. ఊళ్లవాళ్లు రెండో వాక్యానికి వచ్చేసరికి ఆ మోచేయి కదిలేది.

ఒక పెద్దాయన మాత్రం తెలివిగా ఉన్నాడు. నక్కవాగు పక్కన పొలమట. మైకు లాక్కున్నా వదిలేశాడు. చివర్లో అధికారులు లేవబోతుంటే బల్ల దగ్గరికి వచ్చి, “మేమన్నది మీరేం రాసుకున్నరో తెలుగుల చదువుండ్రి” అన్నాడు. చదవక తప్పలేదు. పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్‌లో ఆ మాట ఉంది: జనం లేవనెత్తిన అంశాలు, వాటికి కంపెనీ సమాధానం స్థానిక భాషలో రాసి, అక్కడే చదివి వినిపించాలి. మొత్తం వీడియో తీయాలి. ఇంత మంది ఉంటేనే సభ అన్న లెక్క కూడా లేదు, పది మంది వచ్చినా చెల్లుతుంది. చదివారు. ఆయన చెప్పిన బోరు సంగతి అందులో లేదు. “నాది లేదు” అన్నాడు. రాశారు. మళ్లీ చదివించాడు.

ఈ ప్రాంతంలో 1980ల నుంచి కాలుష్యం మీద కొట్లాడిన వాళ్లంతా, పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారి లాంటి వాళ్లంతా, 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరే నాటికి చేతిలో పెట్టుకున్నది కాగితాలే. ఏ ఊళ్లో ఏ బోరు ఏ రంగు నీళ్లిచ్చింది, ఏ రోజు వాగులో చేపలు తేలాయి. అవి ఎవరో ‘రుజువు లేదు’ అని తీసేసి ఉంటే కోర్టులో చూపించడానికి ఏమి మిగిలేది?

ఆగస్టు 2, శనివారం

నిన్న రాత్రి పదకొండు దాటాక వాసన వచ్చింది. పడమటి గాలి. నిద్రలో పిల్లలు దగ్గుతుంటే లేచి చూస్తే వాసన గ్రూపులో అప్పటికే గోల. “గ్యాస్”, “విషం”, “చంపేస్తున్నారు”, ఒక ఫ్యాక్టరీ పేరు, ఇంకో ఫ్యాక్టరీ పేరు. సేఫ్టీ తమ్ముడు పేర్లున్నవి తీసేస్తున్నాడు. జనం మళ్లీ పెడుతున్నారు.

నేను ఒక్క మెసేజ్ పెట్టాను: వాసన దేనిలా ఉంది, ఎన్నింటికి మొదలైంది, మీరు ఏ వీధి, గాలి ఎటు నుంచి? పది నిమిషాల్లో గ్రూపు తీరు మారింది. “నెయిల్ పాలిష్ లెక్క”, మొదటి వీధి, పదకొండుంపావు. “కుళ్లిన చేప లెక్క”, చెరువు వైపు ఇళ్లు, పన్నెండు. ఒకటి ఈథైల్ ఎసిటేట్ కావచ్చు, రెండోది పిరిడిన్ లాంటిదేదో. రెండూ ఒకే చోటి నుంచి రానక్కర్లేదు. రిపోర్టులు లేకుండా ఇంతకంటే అనకూడదు, గ్రూపులో అదీ అనలేదు.

తీసేసిన కుర్రాణ్ని పోయిన వారం మళ్లీ చేర్చారు, చేరినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నిన్న రాత్రి రాశాడు: “నేను నైట్ డ్యూటీల ఉన్న. ఇక్కడ పదిన్నరకెల్లే ఉంది. ఇస్నాపూర్ దిక్కు ఎక్కువ.” అది అన్నిటికంటే పనికొచ్చింది. మూలం దగ్గరి టైము దొరికింది. సేఫ్టీ తమ్ముడు దాని మీద చెయ్యి వేయలేదు, అందులో పేరు లేదు కాబట్టి.

పొద్దున అన్నీ వరసగా రాసి పొల్యూషన్ బోర్డుకు పంపాం. అసలు చిక్కు అప్పుడే తెలిసింది. పేర్లున్న మెసేజ్‌లలో టైములు కూడా ఉన్నాయి, అవి మెసేజ్‌తో పాటే పోయాయి. రాసినవాళ్లలో సగం మందికి అందులో ఏ టైము రాశారో గుర్తు లేదు.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న రాఖీ, అందరి ఇళ్లలో చుట్టాలు. మీటింగు ఇవాళ్టికి పెట్టారు. అసోసియేషన్ రూములో ఇరవై మంది దాకా. బ్రోకరు రాలేదు.

నేను చెప్పింది చిన్నది. ఏ గ్రూపును ఎవరు చూసినా నాకు అభ్యంతరం లేదు, బ్రోకరు చూసినా సరే. డిలీట్ మాత్రం మూడింటికే: శవాల ఫొటోలు, ఎవరివైనా ఆధార్ లేదా ఫోను నంబర్లు, కులాన్నీ మతాన్నీ తిట్టడం. మిగతా దేన్నీ తీయొద్దు. తప్పనిపిస్తే దాని కిందే ‘ఇది నిర్ధారణ కాలేదు’ అని కారణంతో, తన పేరుతో రాయాలి. అప్పుడు మెసేజ్ పెట్టినవాళ్లకు జవాబు చెప్పే హక్కు ఉంటుంది. ఆ మూడింట్లో ఏది డిలీట్ చేసినా రిజిస్టరులో రాయాలి: తేదీ, టైము, మెసేజ్ సారాంశం, ఎవరు తీశారు, ఎందుకు. రిజిస్టరు వాచ్‌మన్ గదిలో ట్యాంకర్ల రిజిస్టరు పక్కన ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

సేఫ్టీ తమ్ముడు ఒప్పుకోలేదు. “అక్కా, పేరున్న మెసేజ్ ఉంచితే మనమే పేరు రాసినట్టే గదా. వాడు నోటీసు పంపితే అసోసియేషన్‌కే వస్తది.” సబబైన మాట. సెక్రటరీ గారు వకీలును అడుగుతామన్నారు. పేరు రాయకుండా ‘ఒక ఫ్యాక్టరీ’ అని రాద్దామా, గేటు నంబరు రాద్దామా అని పావుగంట చర్చ. చివరికి, ఫిర్యాదులో దిక్కూ టైమూ చాలు, పేరు కనిపెట్టడం బోర్డు పని అని నీళ్ల వదిన తేల్చింది.

బ్యాంకు అంకుల్ అంతసేపూ మాట్లాడలేదు. చివర్లో, ఆ జూన్ 30 రాత్రి తీసేసిన రెండూ రిజిస్టరులో మొదటి రెండు ఎంట్రీలుగా తనే రాస్తానన్నారు. కుర్రాడు అక్కడే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రమ్మంటే వచ్చి కూర్చున్నాడు. అంకుల్ రాశారు. మొదటిదానికి కారణం గడిలో ‘పుకారు అనుకున్నాను, మర్నాడు నిజమని తెలిసింది’ అని పట్టక, పక్క గడిలోకి, ఆ పక్క గడిలోకి పోయింది.

ట్యాంకర్ల కోసం కొట్టించిన ఖాళీ పుస్తకమే వాడుతున్నాం, అందులో ‘రిమార్కులు’ గడి రెండు వేళ్ల వెడల్పు. గడి పెద్దది చేసి కొత్తవి కొట్టించాలని నేను. పాతవి ఇంకా ఆరు పుస్తకాలున్నాయి, అవి అయ్యాకే అని సెక్రటరీ గారు.